పిల్లలకు షుగర్ వస్తే తల్లిని నిలదీయకండి

చిన్నపిల్లలకు షుగర్ అని తేలిన రోజున ఓ.పి.లో మొదట వినబడే ప్రశ్న మందు గూర్చి కాదు, తప్పు గూర్చి. "ఏం తింటే వచ్చింది సారూ?" అని తండ్రి అడుగుతాడు. "కడుపుతోని ఉన్నప్పుడు ఎవ్వరు చెప్పినా వినలే, తీపి మస్తు తిన్నది" అని పక్కనున్న అత్తగారు అందుకుంటుంది. గ్రహణం రోజు బయటికి వచ్చిందని ఒకరంటారు, ఎవరిదో కన్ను తగిలిందని మరొకరంటారు. తల్లి మాత్రం ఏమీ మాట్లాడదు. బీరంగూడలోనైనా, రామచంద్రాపురంలోనైనా, పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు అద్దె గదుల్లో ఉండే కార్మిక కుటుంబాల్లోనైనా ఈ మాటల్లో మాకు పెద్ద తేడా కనబడలేదు.

ఈ విచారణ ఆగాలని మేము అంటున్నాం. అది తల్లికి అన్యాయం అన్నది ఒక కారణం. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. తల్లిని దోషిగా నిలబెట్టిన ఇంట్లో జబ్బును దాచిపెడతారు. దాచిన ఇంట్లో ఇన్సులిన్ తప్పుతుంది. ఇన్సులిన్ తప్పితే ఈ పిల్లలు కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయంలో పడతారు. పుట్టు గుడ్డివానిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న మన సంఘ కుటుంబాలకు తెలిసినదే. దానికి వచ్చిన జవాబూ తెలిసినదే. అయినా ఆ ప్రశ్న మన ఇళ్లలో ఇంకా అడుగుతూనే ఉన్నాం. ఈసారి దాని జవాబును వైద్యం వైపు నుండి చెప్పాలనుకున్నాం. కొంచెం లోతుకు వెళ్లవలసి వస్తుంది, ఓపికతో చదవండి.

కడుపు వెనుక, వెన్నెముకకు ముందు, పొడవాటి ఆకులాగా అడ్డంగా ఉండే అవయవం క్లోమం. పాంక్రియాస్ అంటే ఇప్పుడు చాలామందికి తెలుస్తోంది. దీనిలో ఎక్కువ భాగం తిన్నది అరగడానికి కావలసిన రసాలు తయారుచేస్తుంది. దాని మధ్యలో అక్కడక్కడ చిన్న గుంపులుగా వేరే రకం కణాలుంటాయి. వీటిని లాంగర్‌హాన్స్ పుటికలు అని బడి పుస్తకాల్లో చదివి ఉంటారు. ఆ పుటికల్లోని బీటా కణాలే మనకు ఇన్సులిన్ ఇస్తాయి. పెద్దవాళ్లలో సాధారణంగా వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ ఉంటుంది గాని చాలదు, లేదా సరిగ్గా పనిచేయదు. పిల్లల్లో ఎక్కువగా కనబడే టైప్ 1 షుగర్ అలాంటిది కాదు. అందులో మన శరీరంలోని రోగనిరోధక కణాలే బీటా కణాల మీద పడి వాటిని నాశనం చేస్తాయి. తీపి తినడం వల్ల ఇది రాదు. తల్లి తిన్నా రాదు, పిల్లవాడు తిన్నా రాదు.

ఈ పుటికలకు పేరు ఇచ్చిన పాల్ లాంగర్‌హాన్స్ జర్మనీ దేశస్థుడు. వాటిని కనుగొన్నప్పుడు, అంటే 1869లో, ఆయన వయసు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. అవి ఏం పని చేస్తాయో ఆయనకు తెలియదు. అంతకు ఒక సంవత్సరం ముందు, 1868లో, ఆయన మనిషి చర్మంలో కొమ్మలు కొమ్మలుగా ఉన్న ఇంకొక రకం కణాలను చూశాడు. వాటి ఆకారం చూసి అవి నాడీకణాలని అనుకున్నాడు. సుమారు వందేళ్ల తర్వాత గాని అవి రోగనిరోధక కణాలని తేలలేదు. క్లోమాన్ని, నాడులను, రోగనిరోధక కణాలను ఒకే మనిషి, రెండేళ్ల వ్యవధిలో, ఒకే సూక్ష్మదర్శిని కింద చూశాడన్నమాట. ఆ మూడింటికీ ఒకదానితో ఒకటికి ఉన్న సంబంధం ఇప్పుడిప్పుడే బయటపడుతోంది. అది ఎక్కువగా బయటపడుతున్నది కూడా తల్లి గర్భంలో క్లోమం తయారయ్యే దశను పరిశీలించడం వల్లనే.

గర్భం నిలిచిన సుమారు నాలుగు వారాలకు, పేగుగా మారబోయే గొట్టం మీద రెండు చిన్న మొగ్గలు వస్తాయి. ఒకటి ముందువైపు, ఒకటి వెనుకవైపు. తల్లికి నెల తప్పిన సంగతి తెలిసేది కూడా ఇంచుమించు అప్పుడే. పేగు తిరగడంతో ముందువైపు మొగ్గ వెనక్కు వెళ్లి, ఏడవ వారం వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. ఇంకొకటి రెండు వారాల్లో ఇన్సులిన్ ఉన్న మొదటి కణాలు కనబడతాయి. మూడు నెలలు నిండే సమయానికి అవి గుంపులు కట్టడం మొదలవుతుంది. మన ప్రాంతంలో చాలామంది గర్భిణీలు మొదటిసారి ఆసుపత్రికి వచ్చేసరికి క్లోమం పునాది పడి గోడలు కూడా లేచి ఉంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో 'నరం' అనే మాటకు రెండర్థాలున్నాయి. సెలైన్ ఎక్కించే రక్తనాళాన్ని కూడా మనం నరమే అంటాం. ఈ వ్యాసంలో నరం అంటే మెదడు నుండి, వెన్నుపాము నుండి సందేశాలు మోసుకుపోయే నాడి. నరాల బలహీనతకని అమ్మే టానిక్కులకు ఈ విషయంతో ఏ సంబంధమూ లేదు.

అవయవం పూర్తిగా తయారైన తర్వాత నరాలు దాని దగ్గరికి వచ్చి అతుక్కుంటాయని, ఇల్లు కట్టిన తర్వాత కరెంటు తీగలు లాగినట్టు, చాలామంది అనుకుంటారు. క్లోమం విషయంలో అలా జరగదు. పిండం వెన్ను భాగంలో, నాడీ వ్యవస్థ తయారయ్యే చోటు అంచుల నుండి కొన్ని కణాలు బయలుదేరి నడుచుకుంటూ క్లోమం మొగ్గ దగ్గరికి వస్తాయి. బీటా కణాలు ఇంకా పసితనంలో ఉండగానే వాటి పక్కన చేరతాయి. వీటి నుండే నాడీకణాలు, నాడులను చుట్టి ఉండే కణాలు తయారవుతాయి. ఈ వలస కణాలు క్లోమానికి చేరకుండా చేసిన ఎలుకల్లో ఒక విచిత్రం కనబడింది. బీటా కణాల సంఖ్య పెరిగింది గాని అవి పక్వానికి రాలేదు. సంఖ్య ఉంది, పనితనం లేదు. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక పని చేశారు. ఎదుగుతున్న ఎలుకల్లో క్లోమానికి వెళ్లే ఒక రకం నరాలను, అంటే మనకు భయం కలిగినప్పుడు గుండె దడ పుట్టించే జాతి నరాలను, లేకుండా చేశారు. పుటికల ఆకారం చెదిరిపోయింది, ఇన్సులిన్ తగ్గింది, చక్కెర అదుపు తప్పింది. ఆ నరాలు ఇచ్చే సందేశాన్ని మందు రూపంలో ఇచ్చినప్పుడు పుటికలు మళ్లీ కుదురుకున్నాయి. అంటే నరం ఇక్కడ తీగ ఒక్కటే కాదు, ఏ కణం ఎక్కడ కూర్చోవాలో చెప్పే మేస్త్రీ కూడా.

రోగనిరోధక కణాల సంగతి మరీ ఆశ్చర్యం. వాటిని మనం కాపలాదారులుగానే ఎరుగుదుం. క్రిములు వస్తే కొట్టడం వాటి పని. తల్లి గర్భంలో క్రిములు ఎక్కడివి? అయినా అవి అక్కడికి చాలా ముందే వస్తాయి. మాక్రోఫేజులు అనే కణాలు పిండం మొదటి వారాల్లోనే పుట్టి, తయారవుతున్న అవయవాలన్నింటిలోకి వెళ్లి స్థిరపడతాయి. చచ్చిన కణాలను ఎత్తి పారేయడం, కొత్త కణాలకు పెరుగుదల పదార్థాలు అందించడం వాటి పని. పుట్టుకతోనే మాక్రోఫేజులు బాగా తక్కువగా ఉండే ఒక జాతి ఎలుకలున్నాయి. వాటి పిల్లల క్లోమంలో బీటా కణాలు తక్కువగా ఉన్నట్టు 2004లో ఫ్రాన్సు పరిశోధకులు చూపించారు. పాశమైలారంలో ఒక షెడ్డు లేస్తున్నప్పుడు మట్టి ఎత్తేవాళ్లు, తాపీవాళ్లు, కరెంటువాళ్లు ఒకేసారి పనిచేస్తుంటారు కదా, క్లోమం కూడా అలాగే లేస్తుంది. ఎవరో ఒకరు రాకపోతే మిగతావారి పని కూడా చెడుతుంది. ఇందులో ఏ కణం ఎప్పుడు వస్తుందన్నది తల్లి కంచంలో ఏముందో చూసి నిర్ణయమయ్యేది కాదు.

నరాలకు, ఈ మాక్రోఫేజులకు మధ్య కూడా మాటలు నడుస్తాయి. నరం చివర నుండి విడుదలయ్యే రసాయనాన్ని అందుకోవడానికి మాక్రోఫేజుల మీద గ్రాహకాలుంటాయి. మాక్రోఫేజులు విడిచే పదార్థాలను నరాలు అందుకుంటాయి. గర్భంలో కట్టడానికి పనికివచ్చిన ఈ సంభాషణే తర్వాత కూల్చడానికి కూడా కారణం కాగలదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎలుకల క్లోమంలో ఈ నరాల సందేశాన్ని అడ్డుకుంటే టైప్ 1 వంటి షుగర్ రాకుండా ఆగింది. సందేశాన్ని అందుకుంటున్నది పుటికల్లో కాపురముంటున్న మాక్రోఫేజులేనని వారు చెప్పారు.

దీనికంటే ముందు, 2006లో, కెనడాలోని టొరంటోలో జరిగిన పని పెద్ద సంచలనమైంది. 1922 జనవరిలో ఒక బాలుడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చిన ఊరు కూడా అదే. షుగర్ రావడం ఖాయమని తెలిసిన జాతి ఎలుక పిల్లలకు వాళ్లు మిరపకాయలోని కారపు పదార్థమైన క్యాప్సైసిన్‌ను పుట్టిన వెంటనే ఎక్కించారు. ఆ మందు నొప్పిని మోసే నరాలను శాశ్వతంగా తీసివేస్తుంది. అలా నరాలు పోయిన ఎలుకల్లో ఎక్కువ వాటికి షుగర్ రాలేదు, పుటికల్లోకి రోగనిరోధక కణాల దాడి తగ్గింది. నిజంగా గొప్ప పరిశోధన. షుగర్‌కు మూలం నరాల్లో ఉందని, మందు దగ్గర పడిందని పత్రికలు రాశాయి. దాదాపు ఇరవై ఏళ్లయింది. నరాల వైపు నుండి పిల్లల షుగర్‌ను నయం చేసే మందు ఇంతవరకు రాలేదు. రోగనిరోధక కణాల వైపు నుండి మాత్రం ఒక అడుగు పడింది. టెప్లిజుమాబ్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు బయటపడబోతున్న దశలో ఇస్తే అది సగటున రెండేళ్లకు పైగా దాన్ని వెనక్కు నెట్టగలుగుతోంది. వెనక్కు నెట్టడమే గాని, తీసివేయడం కాదు.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ప్రయోగశాలలో ఎలుకల్లో కనబడినదాన్ని పట్టుకుని, మన వీధుల్లో కరపత్రాలు పుడుతుంటాయి. "నరాల చికిత్సతో షుగర్ మాయం", "ఇమ్యూనిటీ పొడితో ఇన్సులిన్ బంద్" అన్నవి బస్టాపు గోడల మీద మీరు చూసే ఉంటారు. మిరపకాయలు ఎక్కువగా తింటే షుగర్ రాదని రేపు ఎవరైనా చెప్పినా మేము ఆశ్చర్యపోము. మన ఆంధ్ర, తెలంగాణ వంటల్లో కారానికి ఎప్పుడు లోటు వచ్చింది గనుక!

ఇవి ఎక్కడో పరాయి దేశపు సంగతులు అనుకోవద్దు. క్లోమం జబ్బు విషయంలో 'ఏం తిన్నావు' అనే నింద ఎలా వీగిపోయిందో మన హైదరాబాదే చూపించింది. వయసులో ఉన్నవారికి, ఒక్కోసారి పిల్లలకు కూడా, మద్యం ముట్టకపోయినా క్లోమంలో రాళ్లు చేరి, తీవ్రమైన కడుపునొప్పి వచ్చి, చివరకు షుగర్ వచ్చే జబ్బు ఒకటి మన దేశంలో ఉంది. కేరళలో ఎక్కువగా కనబడినందువల్ల అక్కడివారు తినే కర్రపెండలమే కారణమని చాలాకాలం చెప్పారు. మన తెలంగాణ ఇళ్లలో రోజూ కర్రపెండలం వండుకునేవారు ఎవరు? 2002లో సి.సి.ఎం.బి.కి చెందిన గిరిరాజ్ చందక్ బృందం ఈ రోగులను పరీక్షించి, వారిలో చాలామందికి స్పింక్ 1 అనే జన్యువులో మార్పు ఉన్నదని చూపించింది. క్లోమం తన రసంలో తానే అరిగిపోకుండా కాపాడే పదార్థాన్ని తయారుచేసే జన్యువు అది. తర్వాతి కాలంలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు, ఇలా క్లోమం దెబ్బతిన్న రోగుల్లో టి కణాలు అనే రోగనిరోధక కణాలు పుటికల్లోకి చేరి బీటా కణాల పనిని కుంటుపరుస్తున్నాయని కనుగొన్నారు. ఈ జబ్బులో భరించలేని నొప్పికి కూడా అదే కథ. క్లోమంలోని నరాలు లావెక్కుతాయి, వాటి చుట్టూ రోగనిరోధక కణాలు ముసురుతాయి. అందుకే ఆ నొప్పి వీపులోకి పొడుస్తుంది, రోగి ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని కూర్చుంటాడు. దాన్ని గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేవారు మన ప్రాంతంలో తక్కువేమీ లేరు. మద్యం వల్ల క్లోమం చెడిన వారికి కూడా ఇదే నొప్పి. వారు మానవలసినదేమిటో వారికి వేరే చెప్పనవసరం లేదు.

ఇంతకూ గర్భిణీ తీసుకోవలసిన జాగ్రత్త ఏమీ లేదా అని అడుగుతారేమో. ఉంది. కాని అది నింద కాదు, పరీక్ష. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే అది బిడ్డకు చేరుతుంది. బిడ్డ క్లోమం దానికి తగ్గట్టు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. బిడ్డ లావుగా పెరిగి కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది. ఇది టైప్ 1 కాదు, వేరే సంగతి. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, ఆరో నెల దరిదాపుల్లో ఇంకోసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తపరీక్ష చేయాలన్నది మన దేశపు నియమం. 140 మి.గ్రా. గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే జాగ్రత్త పడాలి. ఈ పరీక్ష చేయలేదంటే అడిగి చేయించుకోండి. అత్తగార్లకు కోడళ్ల మీద నిజంగా శ్రద్ధ ఉంటే ఇక్కడ చూపించవచ్చు.

ఇక పిల్లల విషయానికి వద్దాం. బిడ్డ మాటిమాటికీ మూత్రానికి వెళ్తుంటే, పక్క తడపడం మానిన పిల్లవాడు మళ్లీ తడుపుతుంటే, చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంటే, తింటున్నా చిక్కిపోతుంటే, ఆ రోజే ఒక చుక్క రక్తంతో షుగర్ చూపించండి. మూత్రం పోసిన చోట చీమలు చేరడం మన పెద్దవాళ్లకు తెలిసిన గుర్తే. ఈ దశ దాటితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వస్తాయి. అప్పుడు అజీర్ణం అనో, నిమోనియా అనో, గాలి సోకిందనో పొరపాటు పడే అవకాశం ఎక్కువ. బస్తీల్లోని ఆర్.ఎం.పి. సోదరులకు కూడా మా మనవి ఇదే. వాంతులతో, ఆయాసంతో వచ్చిన పిల్లవాడికి గ్లూకోజు సీసా ఎక్కించే ముందు వేలు పొడిచి ఒక చుక్క చూడండి. ఈ లక్షణాలున్న బిడ్డలో 200 దాటితే ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు, వెంటనే ఆసుపత్రికి పంపండి.

ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో మోతాదు బాగా తగ్గుతుంది. మిగిలి ఉన్న కొద్ది బీటా కణాలు విశ్రాంతి దొరికి కోలుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. కొన్ని నెలలు ఉంటుంది, తర్వాత పోతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఎవరో ఆకు పసరు ఇస్తారు, ఆ పసరుకు పేరు వస్తుంది. ప్రార్థనలో స్వస్థత కలిగిందని సూది మానిపించే కుటుంబాలు కూడా ఉన్నాయి. సంఘ పెద్దలకు, కాపరులకు మేము చేతులు జోడించి చెప్పేది ఒక్కటే. ప్రార్థన మానమని మేము అనము, మేమూ చేస్తాం. కాని ఇన్సులిన్ ఆపమని బలిపీఠం దగ్గర నుండి ఒక్క మాట కూడా రాకూడదు. అలాంటి సాక్ష్యం చెప్పాలని ఎవరైనా వస్తే ముందు డాక్టరుగారి చీటీ చూపించమనండి.

ఇంట్లో ఫ్రిజ్ లేదని ఇన్సులిన్ మానవలసిన పని లేదు. చిన్న మట్టి కుండను ఇసుక, నీళ్లతో తడిగా ఉంచి, దాని లోపల గిన్నెలో సీసాను నీళ్లు తగలకుండా పెట్టి, ఎండ పడని మూల ఉంచండి. రేకుల గదుల్లో వేసవిలో ఇది తప్పనిసరి. ఫ్రిజ్ ఉన్నవారు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు డిస్పెన్సరీలో ఇన్సులిన్, సూదుల గూర్చి అడగండి. నైట్ షిఫ్టుకు వెళ్లే తండ్రులు సూది వేయడం తమ వంతు కాదనుకోవద్దు. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ పని రావాలి. మా సిస్టర్లు ఎన్నిసార్లయినా నేర్పుతారు.

బడిలో టీచరుగారికి కూడా చెప్పండి. క్లాసు మధ్యలో మూత్రానికి పోనివ్వమని, ఆకలేస్తే తిననివ్వమని చెప్పాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించమని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మగతగా ఉండి మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలని కూడా ఆ కాగితంలోనే రాయండి. కాగితం వెనుక ఇంటి ఫోను నంబరు వేసి, పిల్లవాడి సంచిలో ఒక చక్కెర పొట్లం పెట్టి పంపండి.